బ్రాకెట్లు చెరిపేసిన శనివారం

నేనేం చెప్పినా సగం తీసేసి వినమని మావాళ్ళు మా ఇంటికొచ్చినవాళ్ళకి గుమ్మంలోనే చెప్పేస్తారు. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ గారి స్కేలు దెబ్బకి నా అరచేతిలో ఒక గీత పొడుగు సాగిందనీ, అందుకే నాకింత ఆయుష్షనీ ఎన్నిసార్లు చెప్పినా నమ్మిన నాథుడు లేడు. పోనివ్వండి. ఇప్పుడు చెప్పబోయేది మా పెద్ద కోడలి సంగతి. ఇందులో తీసేయడానికేమీ లేదు. సాక్షులు ముప్ఫై ఆరుగురున్నారు. అందరూ నాలుగో తరగతి.

మా కోడలు ఒక చిన్న బడికి హెడ్ మేడం. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులు, ఆమె కాక నలుగురు టీచర్లు, తోస్తే తెరుచుకోని, లాగితే మూసుకోని ఒక ఇనప గేటు. ఆమె తండ్రి దర్జీ. కుట్టు వంకరపోతే ఆయన గుడ్డనీ తిట్టేవాడు కాదు, కుట్టిన కుర్రవాడినీ తిట్టేవాడు కాదట. కూతురి చేతికి చిన్న కత్తెర ఇచ్చి, "విప్పెయ్యమ్మా, మళ్ళీ కుడదాం" అనేవాడట. ఆమె హెడ్ మేడం అయింది కానీ ఆ చెయ్యి మారలేదు. చేతిసంచీలో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు, జుట్టులో ఎప్పుడూ కాస్త సుద్దపొడి. నాకన్నా ముందే తల నెరిసిందని నేను ఏడిపిస్తుంటాను.

ఆ ఏడు అర్ధ సంవత్సరం పరీక్షకి పై ఆఫీసువాళ్ళే ప్రశ్నపత్రం పంపారు. పుస్తకంలో లేని పాఠం ఒకటిచ్చి, చదివి జవాబులు రాయమన్నారు. నాలుగో తరగతిలో ముప్ఫై ఆరుగురు రాస్తే తొమ్మిది మంది గట్టెక్కారు. వారం తిరక్కుండా విద్యాధికారి జీపు గేటు దగ్గర ఆగింది. గేటు తెరుచుకోక ఆయన పక్కనుంచి దూరి వచ్చారు.

"మేడం, మూడేళ్ళ నుంచీ ఇదే వరస. సంవత్సరాంతం పరీక్షలో కనీసం సగం మంది పాసవకపోతే ఈ బడిని రోడ్డవతల పెద్దబడిలో కలిపేస్తారు. నా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు.

ఆ రోడ్డు మీద లారీలు తప్ప మరేమీ నడవవు. ఒకటో తరగతి పిల్లలు లారీ చక్రమంత ఎత్తు కూడా లేరు. రోజుకి రెండుసార్లు ఆ రోడ్డు దాటాలంటే సగం మంది తల్లులు బడే మాన్పించేస్తారు. అది మా కోడలికి తెలుసు, అధికారికీ తెలుసు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, సంచీ కూడా దించకుండా నా ఎదురుగా కూర్చుంది.

"మావయ్యా, మీ కాన్వెంటులో తెలియని పాఠం ఇచ్చి ప్రశ్నలడిగేవాళ్ళా?"

"అడిగేవాళ్ళమ్మా. నేనూ తెలియని జవాబులే రాసేవాణ్ణి."

నవ్వింది కానీ, కళ్ళు నవ్వలేదు.

మర్నాడు ఆమె నాలుగో తరగతిలో వెనక బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, రోజంతా కూర్చుంది. సాయంత్రం లేచి, చెప్పు పోగొట్టుకున్న పోస్టుమాన్ కథ ఒకటి పది లైన్లు బోర్డు మీద రాసి, కింద నాలుగు ప్రశ్నలు వేసింది. పిల్లలు పుస్తకాలు తెరిచారు, పెన్సిళ్ళు పట్టుకున్నారు, కదలకుండా కూర్చున్నారు. చివరికి ఒక పిల్ల లేచింది. రోజుకి నలభై ప్రశ్నలు అడుగుతుందని బడంతా ఆ పిల్లని 'సందేహం' అంటారు.

"మేడం, బ్రాకెట్లు వేయలేదు."

"బోర్డు మీద కూడా బ్రాకెట్లు కావాలా?"

"జవాబుకి. ఎక్కడ్నుంచి ఎక్కడిదాకానో మాస్టారు చెప్తారు కదా!"

నాలుగో తరగతి మాస్టారు ఆ బడిలో ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి ఉన్నాడు. చెవి మీద పెన్సిలు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. నిద్రలో కూడా తీయడని నేనే పుట్టించాను. అందరికీ ఆయన పెన్సిల్ మాస్టారు. పాఠం చదవడం అవగానే, "మొదటి ప్రశ్న. రెండో పేరా, మూడో లైను. 'ఒకరోజు' దగ్గర మొదలు, 'వెళ్ళిపోయాడు' దగ్గర ఆఖరు. బ్రాకెట్ పెట్టండి, పక్కన ఒకటి వేయండి" అంటాడు. పిల్లలు బ్రాకెట్లో ఉన్నది బట్టీ కొట్టి అప్పజెబుతారు. పాఠం దేని గురించో తెలియకపోయినా జవాబు మాత్రం కామా కూడా పోకుండా వస్తుంది. ఒకటో తరగతి చెప్పే చిన్న టీచరు ఆ బడిలో ఆయన దగ్గర చదువుకున్నదే. ఆమె బ్రాకెట్లూ ఆయన బ్రాకెట్లలాగే ఉంటాయి. మిగతావాళ్ళదీ అదే దారి.

ఇంకొకరైతే ఆయన్ని గదిలోకి పిలిచి నాలుగు దులిపేవారు. మా కోడలు నన్ను పిలిచింది.

"మావయ్యా, బడికి కొత్తగా వచ్చిన మంచినీళ్ళ మెషీనుతో ఒక కాగితం ఇచ్చారు. ఎలా వాడాలో, ఎప్పుడు కడగాలో. దాని మీద అయిదు ప్రశ్నలు మీరు తయారుచేయాలి. నాకు చూపించకూడదు."

"ఎవరికమ్మా పరీక్ష?"

"మాకే."

బుధవారం బడి వదిలాక స్టాఫ్ గదిలో పరీక్ష పెట్టాను. అయిదుగురూ కూర్చున్నారు, మా కోడలితో సహా. విరిగిన కుర్చీ ఆమె తీసుకుంది. పది నిమిషాలకే పెన్సిల్ మాస్టారు తలెత్తాడు.

"తాతగారూ, నాలుగో ప్రశ్నకి జవాబు ఎక్కడుందో కాస్త చూపిస్తే రాసేస్తాను."

చిన్న టీచరుకి నవ్వొచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాస్టారికి అప్పుడు తెలిసింది, తన నోటి నుంచి ఏం వచ్చిందో. చెవి మీది పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాడు. మొదటిసారి చూశానండీ ఆ చెవిని ఖాళీగా. చిన్నబోయినట్టుంది.

నేను దిద్దాను. కోడలని దయ చూపలేదు. ఆమెకి అయిదింట మూడు, మాస్టారికి రెండు.

"నాకూ మూడే వచ్చాయి మాస్టారూ. హెడ్ మేడం అని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది" అంది ఆమె.

"అంటే ఇరవై ఎనిమిదేళ్ళు నేను తప్పు చదువు చెప్పానంటారా మేడం?"

"పిల్లలు తప్పిపోకూడదని చెయ్యి పట్టుకుని నడిపించారు. ఇరవై ఎనిమిదేళ్ళు నడిపించడం మాటలు కాదు. కానీ పరీక్షలో ఆ చెయ్యి ఉండదు కదా. పెద్దయ్యాకా ఉండదు."

మాస్టారు లేచి గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ శనివారం మధ్యాహ్నం ఆమె ఒక డబ్బా రబ్బర్లు తెచ్చి, నాలుగో తరగతి పుస్తకాలన్నీ టేబుల్ మీద పోయించింది. టీచర్లందరూ కూర్చుని బ్రాకెట్లు చెరిపారు, మాస్టారు తప్ప. రబ్బరు పొడి చీమలబారులా నేల మీద రాలింది. మా కోడలు మాత్రం తండ్రి కొట్లో కుట్లు విప్పుతున్నట్టే తల వంచుకుని చెరిపింది. నాలుగవుతుండగా మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపు చూశాడు. తర్వాత చివరి కుర్చీలో కూర్చుని, "ఇటివ్వండి, నా గీతలు నాకే తెలుస్తాయి" అన్నాడు.

సోమవారం పుస్తకాలు పంచారు. అయిదు నిమిషాల్లో సందేహం లేచింది.

"మేడం, చేత్తో తడిమితే తెలుస్తోంది!"

మాస్టారు నొక్కి గీసే మనిషి. గీత పోయినా గుంట మిగిలింది. క్లాసంతా కళ్ళు మూసుకుని వేళ్ళతో జవాబులు వెతుక్కుంటోంది. మా కోడలు నవ్వి నవ్వి కూర్చుండిపోయింది. ఇంటికొచ్చి, "పుస్తకం పనికిరాదు మావయ్యా. రోజుకో కొత్త కథ కావాలి, ఎవరూ ఎక్కడా చదవనిది" అంది.

"నిజం కథలా?"

"మీ దగ్గర అవెక్కడున్నాయి?"

ఆ విధంగా నా కోతలకి మొదటిసారి ఒక ప్రయోజనం కలిగింది. రోజూ పొద్దున్నే అర పేజీ రాసిస్తే ఆమె పట్టుకెళ్ళేది. నేనొకసారి గొడుగు పట్టుకుని గాలికి మూడు ఊళ్ళు దాటి ఎగిరాను, ఒకసారి రైలుని ఎదురురొమ్ముతో ఆపాను.

కానీ కథలొక్కటే సరిపోతాయా? చెప్పే పద్ధతి మారాలి. ఒకరి క్లాసు ఒకరు చూద్దాం అంటే టీచర్లందరూ ముఖాలు ముడుచుకున్నారు. తప్పులు పట్టడానికని భయం. అందుకని మా కోడలు ముందు తన క్లాసే చూడమంది. బుధవారం నలుగురు టీచర్లూ వెనక బెంచీ మీద ముడుచుకుని కూర్చున్నారు. పాఠం అయ్యాక, "ఒక్కొక్కరూ నేను చేసిన ఒక పొరపాటు చెప్పకపోతే గది తలుపు తీయను" అంది.

చివరికి చిన్న టీచరే గొంతు సవరించుకుంది.

"మేడం... ప్రశ్న మీరే అడిగి, జవాబు కూడా మీరే చెప్పేస్తున్నారు."

"అవునా? ఎన్నిసార్లు?"

"పదకొండు."

"లెక్కపెట్టావా!"

"మీరే చూడమన్నారు కదండీ!"

అందరూ ఘొల్లుమన్నారు. మా కోడలు పదకొండు అనే అంకె తన డైరీలో రాసుకుంది. మరుసటి బుధవారం అది నాలుగుకి దిగింది. ఆ తర్వాత చిన్న టీచరు తన క్లాసు చూడమని తనే పిలిచింది. మిగతా ఇద్దరూ వాళ్ళ వెనకే వచ్చారు.

పెన్సిల్ మాస్టారు మాత్రం మూడు వారాలు అందరి క్లాసులూ చూశాడే కానీ తన క్లాసుకి రమ్మనలేదు. మా కోడలు అడగలేదు. "తొందరపెడితే దారం తెగుతుంది మావయ్యా" అనేది. పరీక్షకి అయిదు వారాలుందనగా ఒక పొద్దున ఆయన ఆమె గది తలుపు తట్టాడు.

"మేడం, ఈ పూట నా క్లాసు చూడండి. తాతగారిని కూడా రమ్మనండి, కథ ఆయనది కదా."

వెళ్ళాం. గొడుగు కథ కాగితాలు పంచి ఆయన చెవి మీది పెన్సిలు తీశాడు. తీసి, మొదటి బెంచీ పిల్ల చేతిలో పెట్టాడు.

"బ్రాకెట్ నువ్వు పెట్టు. అక్కడే ఎందుకు పెట్టావో క్లాసుకి చెప్పు. ఒప్పుకోనివాళ్ళు లేచి దెబ్బలాడండి."

అబ్బో, ఏం దెబ్బలాట! సంతలో కూడా అంత గోల ఉండదు. పెన్సిలు ముప్ఫై ఆరు చేతులు మారింది. ఆఖరి ప్రశ్న, 'తాతయ్య గొడుగు ఏ రంగు?' దగ్గర సందేహం లేచి నా వైపు తిరిగింది.

"తాతయ్యా, రంగు మీరు రాయలేదు."

"నల్లదమ్మా."

"ఇప్పుడు చెప్తున్నారు. కాగితంలో లేదుగా!"

నిజానికి అది నా మతిమరుపే. కానీ మాస్టారు దాన్ని వదల్లేదు. "విన్నారా? లేకపోతే లేదని రాయండి. ఉన్నట్టు నటించొద్దు" అన్నాడు. ఆ రోజు నుంచీ జవాబు లేని ప్రశ్న ఒకటి కావాలనే కలిపేవాడు.

పరీక్ష రోజు వచ్చింది. బయటి బడి నుంచి వేరే టీచరు కాపలాకి వచ్చి, రాయించుకుని, ప్రశ్నపత్రాలతో సహా కట్ట కట్టుకుని వెళ్ళిపోయింది. బయటికొచ్చిన పిల్లల్ని మాస్టారు గేటు దగ్గరే ఆపాడు.

"ఎలా రాశారర్రా?"

"బాగా రాశాం మాస్టారూ. అయిదో ప్రశ్నకి జవాబు లేదని రాశాం. తోటమాలి కూతురి పేరేంటని అడిగారు. పేరు లేదు."

మాస్టారు మా కోడలి వైపు తిరిగాడు. "మేడం, కొంప మునిగింది. పేరు ఎక్కడో ఉండే ఉంటుంది, వీళ్ళు చూసుకోలేదు. లేదని రాయమని నేర్పింది నేనే!"

ప్రశ్నపత్రం చేతిలో లేదు, చూసుకోవడానికి దారి లేదు. మా కోడలు గేటు పట్టుకుని నిలబడి, "పిల్లలు చదివి చెప్తున్నారు మాస్టారూ. మనం చదవకుండా తప్పంటున్నాం" అంది. అలా అందే కానీ, ఫలితాలొచ్చేదాకా ఇంట్లో ఆ మూడు వారాలూ నా టీలో పంచదార రెండుసార్లు వేసింది. నేను కిక్కురుమనకుండా తాగాను.

ఫలితాల రోజు అధికారి మళ్ళీ గేటు పక్కనుంచి దూరి వచ్చారు. చంకలో కట్ట. స్టాఫ్ గదిలో కూర్చుని మంచినీళ్ళు తాగి, కళ్ళజోడు తుడుచుకుని, తీరిగ్గా మొదలుపెట్టారు.

"ప్రశ్నపత్రం మా ఆఫీసులోనే టైపు చేశారు మేడం. పాఠంలో ఒక లైను ఎగిరిపోయింది. కూతురి పేరున్న లైనే. ఎవరూ గమనించలేదు. చుట్టుపక్కల బళ్ళలో పిల్లలు తోచిన పేరు రాసేశారు, లేదా వదిలేశారు. మీ బడిలో ఇరవై తొమ్మిది మంది 'పాఠంలో పేరు లేదు' అని రాశారు. ఒకమ్మాయైతే కింద ఇంకోటి కూడా రాసింది." కాగితం తీసి చదివారు. "'మీరు రాయడం మర్చిపోయారేమో ఒకసారి చూసుకోండి.'"

మా కోడలు ఆ కాగితం అందుకుంది. "మొత్తం ఎంతమంది పాసయ్యారండీ?"

"ముప్ఫై ఒకటి. బడి ఎక్కడికీ పోదు."

చిన్న టీచరు చప్పట్లు కొట్టేసింది. అధికారి, "ఇది ఎవరు నేర్పారు? మీరేనా?" అని మా కోడల్ని అడిగారు.

ఆమె ముందుకి రాలేదు. పక్కకి తప్పుకుని వెనక నిలబడ్డ మాస్టారిని చూపించింది. "మా పెన్సిల్ మాస్టారండీ."

ఆయన చెయ్యి చెవి దగ్గరకి వెళ్ళింది, పెన్సిలు కోసం. అక్కడ లేదు. ఏ పిల్ల దగ్గరో ఉండిపోయింది.

ఆ సాయంత్రం బజారంతా తిరిగి కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. మంగలి కుర్చీలో కూర్చుని చెబుతుంటే అతను కత్తెర ఆపాడు.

"ముప్ఫై ఒకటా? సగం తీసేస్తే పదిహేనున్నర. ఆ అర పిల్ల ఎవరు తాతగారూ?"

"బడికెళ్ళి లెక్కపెట్టుకో. అక్కడ మా కోడలుంటుంది. ఒక్కటి తగ్గినా, ఒక్కటి పెరిగినా నా జుట్టు ఉన్నదంతా తీసేయ్."

అతను నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, మళ్ళీ ఎప్పటిలాగే కత్తిరించడం మొదలుపెట్టాడు. ఈసారి నమ్మినట్టే ఉన్నాడు.