ఎడమ మూల బరువు

బాలనర్సింహ దేన్ని చూసినా ముందు ఎడమ కన్ను మూసేవాడు. బొటనవేలు ముఖం ముందు నిలబెట్టి, తెరిచి ఉన్న కంటితో వంకర పట్టేవాడు. గోడలు, గుంజలు, ఎదురింటి కళావతి పాపిట, ఆఖరికి పెళ్లిచూపుల్లో ఆండాలు ముక్కు. "జెర కుడికున్నది" అని ఆ రోజు అన్న మాటకు ఆండాలు ఇప్పటికీ పులుసులో ఉప్పెక్కువ వేసి పగ తీర్చుకుంటున్నది.

మొఘల్‌పురాలో ఆమెకు పాడిబర్రెలు. అతనికి వకీలు కైలాసం గారి దగ్గర డ్రైవరు కొలువు. వకీలుగారి గల్లీ ఇరుకు, కారు దూరదు. అందుకని అది బాలనర్సింహ వాకిట్లో, బర్రెల పక్కనే నిలిచేది. బర్రెలను కడిగిన చేత్తోనే ఆండాలు దాన్నీ కడిగేది.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు చీటీల మీద ఇచ్చేవారు. కొత్త టైర్లు ఎంత తిరిగినా దొరికేవి కావు. సరిగ్గా అప్పుడే కారు ముందు టైర్లు ఆకురాయి పెట్టినట్టు ఒక పక్క అరగసాగాయి. నడుస్తుంటే బండి ఎడమకు లాగేది.

"ఇంకో టైరు పోయిందంటే నువ్వు బర్రెల కాడికే," అన్నారు వకీలుగారు. "ఉస్మాన్‌గంజ్ డ్రైవర్ బాబురావు ఖాళీగ ఉన్నడు. యాదిల పెట్టుకో."

చక్రాల వంకర ఇంట్లోనే తీస్తానన్నాడు బాలనర్సింహ. బండలు పరిచిన చోట కారు నిలిపాడు. ముందు టైర్లు రెండింటికీ నడిమధ్యన సున్నంతో గీత పెట్టాడు. ముందువైపు ఆ గీత నుంచి ఈ గీతకు సరిపడా వెదురు కట్టె కోశాడు. బండిని తోసి, అవే గీతలు చక్రాల వెనకవైపుకు వచ్చాక, అదే కట్టె అక్కడ పట్టి చూశాడు. వెనక కంటే ముందు వడ్లగింజంత దగ్గరగా ఉండాలి. అప్పుడే చక్రాలు సోపతిగాళ్ల లెక్క కలిసి నడుస్తాయి. రెండింటినీ కలిపే కడ్డీని తిప్పి, సరిచేసి, ఎడమ కన్ను మూసి చూసుకున్నాడు. తీగ లాగినట్టుంది.

మర్నాడు ఖాళీ బండి సక్కగా పోయింది. వకీలుగారు ఎక్కగానే మళ్లీ ఎడమకు లాగింది.

వకీలుగారు భారీ మనిషి. నోట్లో ఎప్పుడూ పాన్ ఉండాల్సిందే. కారు కుడి అద్దం దిగదు, ఎడమది దిగుతుంది. కాబట్టి ఎన్నేళ్లుగానో ఆయన ఎడమ మూలకే, ఉమ్మడానికి అనువుగా కూర్చుంటున్నారు.

"రోగం బండిది కాదే," అన్నాడు బాలనర్సింహ ఆ సాయంత్రం ఇంటికి వచ్చి. "సాబ్ ఆ మూలకు ఉండంగనే కొలవాలె."

"పిలువు మరి. ఆయన మీద కూసుంటడు, నువ్వు కట్టె వట్టుకొని కిందికి దూరు."

"నవ్వకు. నాకు గంత బరువు కావాలె."

"పాల క్యాన్లు పెట్టు."

"ఒలికితే అదాలత్ దాకా వాసన."

అతను ఎడమ కన్ను మూశాడు. బొటనవేలు వాకిలంతా తిరిగి, మేస్తున్న బర్రెదూడ మీద ఆగింది.

సీటు మీద గోనె పరిచారు. ఆండాలు ఒక తలుపులోంచి తెలగపిండి చూపించింది. అతను రెండో తలుపులోంచి దూడను నెట్టాడు. ఎక్కేదాకా లొల్లి చేసింది కానీ, ఎక్కాక అది ఎడమ మూలకు ఒరిగి, కిటికీలోంచి బయటికి చూస్తూ నెమరు వేయడం మొదలుపెట్టింది. బాలనర్సింహ పానా తీసుకుని కారు కిందికి దూరి, కొలిచి, కడ్డీ తిప్పి బిగించాడు.

అప్పుడు అతని కళ్ల ముందు రెండు బూట్లు వచ్చి ఆగాయి. వకీలుగారి బూట్లు.

"ఏందమ్మా గిది?"

"తూకం, సాబ్," అన్నది ఆండాలు. "చక్రాలు కొలుస్తున్నడు. మీ జాగల కూసోవెట్టినం."

కింద బాలనర్సింహ కళ్లు రెండూ మూసుకున్నాడు.

"అంటే, నేను గింత ఉన్ననా?"

"అయ్యో, గంత మాటనా! మీరింకా జెర ఎక్కువనే. అందుకే పక్కన తవుడు బస్తా గూడ పెట్టినం."

బూట్లు కదలలేదు. పైన దూడ నములుతున్నది. వకీలుగారూ నములుతున్నారు.

"రేపు నేను కుడి మూలకు కూసుంట," అన్నాయి చివరికి బూట్లు. "బండి సక్కగ పోవాలె. పోకుంటే తప్పు నీ చేతిది, నా ఒంటిది కాదు. బాబురావుకు కబురు పోతది."

బూట్లు వెళ్లిపోయాక బాలనర్సింహ బయటికి వచ్చాడు. "గట్లెందుకన్నవే?"

"నా ముక్కును అన్ననాడు నిన్ను నేనడిగిన్నా?" అంటూ ఆండాలు దూడను దించుకుపోయింది.

మర్నాడు పొద్దున వకీలుగారు కుడి తలుపు తెరిపించుకుని కూర్చున్నారు. రాత్రి చీకట్లో మళ్లీ కొలవడం కుదరక ఎడమ బరువుకే వదిలేసిన బండి ఇప్పుడు కుడికి లాగింది. బాలనర్సింహ స్టీరింగును బలమంతా పెట్టి ఎడమకు పట్టాడు.

"ఎట్ల పోతున్నది?"

"సక్కగ, సాబ్."

చార్మినార్ దాటేసరికి భుజాలు పట్టేశాయి. పత్తర్‌గట్టి దగ్గర వెనక నుంచి ప్రశ్నలు ఆగిపోయాయి. అద్దంలో చూశాడు. వకీలుగారి బుగ్గలు రెండూ నిండి ఉన్నాయి. ఆయన కుడి కిటికీ అద్దాన్ని పిడికిలితో కొట్టారు. అది దిగలేదు. కొంతసేపు పంతంగా కూర్చున్నారు. తర్వాత, ఎవరికీ తెలియనట్టు, సీటు మీద మెల్లగా ఎడమకు జరగసాగారు.

స్టీరింగు చేతుల్లో తేలికైంది.

వకీలుగారు ఉమ్మేసి అక్కడే ఉండిపోయారు. బాలనర్సింహ స్టీరింగు మీద బొటనవేలు నిలబెట్టి, ఎడమ కన్ను మూశాడు.