మొగులన్న చదివిన చార్టు

గన్‌ఫౌండ్రీలో మా క్లినిక్ రెండో అంతస్తులో ఉంది. విమానాలు నడిపేవాళ్లు ఏటా వచ్చి కళ్లు, చెవులు, గుండె చూపించుకుంటారు. ఫిట్ అని కాగితం వస్తేనే మళ్లీ ఎగరనిస్తారు. పేర్లు రాసుకునేది నేను, అనసూయను. కళ్లు చూసేది మొగులయ్య. ముప్పై ఏళ్లుగా అదే గది, అదే గోడ, అదే అక్షరాల చార్టు.

ఆయనకు వెనకా ముందూ ఎవరూ లేరు. భార్య పోయి పదకొండేళ్లు. నాంపల్లిలో కిరాయి గది. ఆదివారం నోరు తెరిచేది చాయ్ అడగడానికేనట. "సోమారం ఎప్పుడైతదా అని చూస్త చెల్లె" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఇంటికి భోజనానికి రమ్మంటే రాడు మరి! ఈ ఉద్యోగం పోతే ఈ మనిషి ఏమైపోతాడో అని నా భయం.

పనిలో మాత్రం రాక్షసుడే. చార్టు బట్టీపట్టి వచ్చిన పైలట్లను ఇట్టే పట్టేసేవాడు. "ఉల్టా చదువు బాబూ. ఆకాశంల గీ చార్టు ఉండదు" అనేవాడు. రోజూ పొద్దున్నే ముందు తానే చార్టుకు ఎదురుగా నేల మీది గీత మీద నిలబడి, ఒక్కో కన్నూ మూసుకుని చివరి వరుస చదివేవాడు. తన చూపు బాగుంటేనే ఇంకొకరి చూపు పరీక్షించాలని ఆయన పట్టుదల.

పాత చార్టు మాసిపోయిందని మొన్న శుక్రవారం, ఆయన వెళ్లాక, నేనే కొత్తది పెట్టించాను. శనివారం నేను చెప్పేలోపే గీత మీద నిలబడి గడగడా చదివేశాడు. ఒక్క తప్పు లేదు. చదివింది పాత చార్టు.

నోరు మూసుకుందామనే అనుకున్నాను. కానీ ఎట్లా?

"అన్నా, జర దగ్గరికి పోయి చూడు."

వెళ్లాడు. ముఖం ఆనించినంత దగ్గరగా చూశాడు.

"ఎన్ని దినాలసంది బట్టీ చదువుతున్ననో ఏమో!" అన్నాడు.

మా డాక్టరు వెంటనే చూశాడు. కంటి నరం దెబ్బతిన్నది, అద్దాలు పెట్టినా పోయిన చూపు రాదన్నాడు. మొగులన్న పైలట్లకిచ్చే ఖాళీ ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు. పేరు నాతో రాయించి, కింద తానే 'అన్‌ఫిట్' అని రాశాడు.

"పైలట్లకైతే ఫలానా దినం మళ్ల రమ్మని చెప్తం గద చెల్లె. నన్ను ఎప్పుడు రమ్మంటవు?"

రిజిస్టరులో సోమవారం పేజీ తీశాను. మొదటి పేరు ఆయనదే రాశాను.

సోమవారం మధ్యాహ్నమైనా రాలేదు. ఆ పేరు కొట్టేయడానికి నాకు చేయి రాలేదు.