ఫ్లోరియన్ బకెట్ కింద ఇల్లు

సెవెరిన్ బొయార్చుక్ మాస్టారు మా ఒల్షాంకా బడిలో తాతలకూ, వాళ్ల మనవలకూ బొమ్మలు నేర్పారు. ఆయన బొమ్మలు నరెవ్ నది దాటి ఎక్కడికీ పోలేదు. మా వంటిళ్లలోనే, మరియమాత పటం పక్కన, మా కుక్కలై, మా కొట్టాలై వేలాడుతున్నాయి. ఆయనది ఒకటే నియమం: చూడనిది గీయకూడదు. చిన్నప్పుడు నేను మా ఇంటికి లేని పొగగొట్టం గీస్తే, వానలో నిలబెట్టి చూపించమన్నారు.

రిటైరయ్యాక ఆదివారాలు పిల్లలకు నేర్పడానికి ఆయనకు చోటు లేకపోయింది. ఫైరింజన్ షెడ్డు మీద గది ఒకటి ఖాళీగా ఉంది. దాని తాళం ఫైరు దళం పెద్ద హిపొలిత్ దగ్గరుంది.

"మే పండక్కి షెడ్డు గోడ మీద పునీత ఫ్లోరియన్‌ని వెయ్యండి మాస్టారూ. ఊరికి నచ్చితే గది మీకే," అన్నాడతను.

ఫ్లోరియన్ అంటే ఇళ్లను నిప్పు నుంచి కాపాడే పునీతుడు; బొమ్మలో ఆయన చేతిలో నీళ్ల బకెట్, బకెట్ కింద మండే ఇల్లు ఉండాలి. మాస్టారు నీలం కిటికీల ఇల్లు గీశారో లేదో, ఆ ఇంటావిడ గెనొవెఫా పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

"నా కొంప తగలెడతావా సెవెరిన్? నీకు పిరోగీలు పెట్టిన పాపానికా?"

"చలికాలంలో మీ కొట్టం నుంచి పొగ రావడం చూశాను గెనొవెఫమ్మా."

"పొగ కాదు, ఆవిరి!"

ఇంకెవరిల్లు గీయాలని అడిగితే, తమ ఇంటికి నిప్పన్నదే తెలియదని ఊరంతా ఒట్టేసింది. అందరికన్నా గట్టిగా హిపొలిత్ వేశాడు. ఇక చేసేది లేక మాస్టారు తన ఇల్లే గీశారు.

"మనిల్లెప్పుడు కాలింది?" అంది భార్య లెయొకాదియా.

"నువ్వు పొంచ్కీలు వేయించిన రోజు."

"పొయ్యి పక్కన రంగుల్లో కలిపే టర్పెంటైన్ పెట్టిందెవరో కూడా గీయి మరి."

పండగనాడు ఫాదర్ తీర్థం చల్లారు. జనం మాత్రం ముఖాలు ముడుచుకున్నారు.

"చూశారా, పునీతుడు నేరుగా మాస్టారింటికే వెళ్లాడు! మనం కాలి చావాలా?" అంది గెనొవెఫా.

"ఊరికి నచ్చలేదు మాస్టారూ," అన్నాడు హిపొలిత్, తాళంచెవి జేబులో వేసుకుంటూ.

మాస్టారు మళ్లీ నిచ్చెనెక్కారు. "అందరివీ గీస్తాను. కానీ చూడనిది గీయను. ఎవరింట్లో ఎప్పుడు అంటుకుందో చూసినవాళ్లే చెప్పండి."

 చివరికి గెనొవెఫా ముందుకొచ్చింది.

"నాటుసారా కాస్తుంటే గడ్డికి అంటుకుంది. నన్ను బకెట్‌కి దగ్గరగా వెయ్యి."

ఫాదర్ విననట్టు ఆకాశంలో మబ్బులు చూశారు. ఆ తర్వాత జనం వరస కట్టారు. సాయంత్రానికి గోడ మీద ప్రతి ఇంటికప్పు నుంచీ పొగ లేచింది.

అందరూ వెళ్లాక హిపొలిత్ వచ్చి, నిచ్చెన మెట్టు మీద తాళంచెవి పెట్టాడు.

"సిగరెట్‌తో నిద్రపోయాను, దుప్పటి ఒక్కటే కాలింది," అని గొణిగాడు. "పొగ కాస్త సన్నగా గీయండి మాస్టారూ."