మూడు బటన్లు, అసలు లాగిన్ పేజీ

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర ఒక కార్గో గోదాములో కంప్యూటర్లు చూసే పని నాది. కౌంటర్ మీద ఒకే మెషిన్ ఉంది, షిఫ్టుల వారీగా నలుగురు వాడతారు. పాస్‌వర్డ్ కొట్టే ముందు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కాలన్న నియమం నేను చేరకముందే తీసేశారు. వాళ్లకు ఒక చేతిలో ఎప్పుడూ స్కానర్ ఉంటుంది. రెండో చెయ్యి ఒక్కటే ఆ మూడింటినీ అందుకోలేదు.

ఒకరోజు, ఆ నలుగురిలో ఒకరైన, కందుకూరు నుంచి వచ్చే అక్క లాగిన్‌తో మందుల పెట్టెలు బయటికి వెళ్లిపోయాయి. అప్పటికి ఆమె ఇంట్లో ఉంది. మర్నాడు మేనేజర్ ఆమెను కౌంటర్ ముందే నిలబెట్టాడు.

"పాస్‌వర్డ్ ఎవరికిచ్చినవ్?"

"ఎవ్వరికియ్యలే సార్. మా ఇంట్ల గూడ ఎవ్వరికి తెల్వది."

"మరి పెట్టెలు నడుచుకుంట పోయినయా? కార్డు ఇచ్చి ఇగ ఇంటికి పో."

ఆమె మెడలోని కార్డు తీసింది కానీ ఇవ్వలేదు. నా వైపు తిరిగింది. "ఈ నడుమ పాస్‌వర్డ్ ఒక్కసారికి తీస్కుంటలేదు తమ్మీ. ముందుగాల తప్పంటది. మళ్ల గదే కొడితే తెరుస్తది."

వెళ్లి కూర్చున్నాను. తెర మీద రోజూ కనిపించే లాగిన్ పేజీయే ఉంది. మూడు బటన్లూ నొక్కాను. ఆ నొక్కుడు నేరుగా విండోస్‌కే చేరుతుంది, మధ్యలో మామూలు ప్రోగ్రామ్ ఏదీ దాన్ని పట్టుకోలేదు. లాక్, సైన్ అవుట్, టాస్క్ మేనేజర్ అని వరుసగా వచ్చాయి. ఎవరో ఒకరు ముందే లోపల ఉంటే తప్ప ఆ వరుస రాదు. అంటే ఆ లాగిన్ పేజీ ఉత్త బొమ్మ, అందులో కొట్టిన పాస్‌వర్డ్ ఇంకొకరికి చేరుతోంది. తప్పని చెప్పి అది పక్కకు తప్పుకుంటే, రెండోసారి తెరిచేది అసలు పేజీ. టాస్క్ మేనేజర్‌లో ఎవరి లాగిన్ తెరిచి ఉందో చూశాను. అప్పుడే షిఫ్టు దిగి వెళ్లిన అతనిది. రోజూ నా పక్కనే కూర్చుని తినేవాడు.

పేరు పైకి చదివాను. గొంతు మామూలుగానే ఉంది.

"వాడా?" అన్నాడు మేనేజర్. అక్క వైపు చూడకుండా, "కార్డు ఏస్కో" అన్నాడు.

ఆ మధ్యాహ్నం డబ్బాలో పప్పు, బెండకాయ వేపుడు. మొత్తం తిన్నాను. తర్వాత ఆ మూడు బటన్ల నియమాన్ని మళ్లీ పెట్టాను.

మర్నాడు అక్క స్కానర్‌ను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో నొక్కింది.

"ఇది అసలుదేనా తమ్మీ?"

"అసలుదే అక్కా."

ఇంకోసారి నొక్కి చూసుకుంది. వేళ్లు కీబోర్డు మీద పెట్టి ఆగింది.

"జర అటు తిరుగు" అంది.

తిరిగాను.