మొగోనికి లేని మాట

కట్టమ్మ ఈగలకు గట్క వండే కొలువు చేస్తాందంటే హసన్‌పర్తిల ఎవ్వలూ నమ్మలే. ఎనబై మూడో, ఎనబై నాలుగో అప్పుడు. "మనుషులకే గట్క దొరుకుత లేదు, ఈగలకు వండుడేంది పిల్లా" అని బోరింగు కాడ ఆడోళ్లు ఒకటే నవ్వుడు. కట్టమ్మ గూడ నవ్వింది. హన్మకొండల కాలేజి, నీడపట్టున పని. నవ్వితే నవ్వనీ.

మక్కపిండి, బెల్లం కలిపి చిక్కగ ఉడికిచ్చి, సీసల అడుగున పోసి, సల్లారినంక మూతికి దూది పెట్టాలె. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు గా సీసలల్లనే తిని, గుడ్లు పెట్టి, పురుగులై, మళ్ల ఈగలైతయి. మొదట్ల ఓసారి ఉప్పేసింది, సప్పటిది ఎట్ల తింటయని. రాజేశ్వరి మేడం గా సీసలన్ని పక్కకు పెట్టి, "వీటికి ఉప్పు వద్దు కట్టక్కా" అన్నది. తిట్టలే. రాజేశ్వరంటే ఈగల మీద పెద్ద సదువు సదివే పిల్ల.

ఆమె దగ్గర ఈగలు రెండు తీర్లయి. ఒక తీరుయి బజార్ల పండ్ల కుప్పల కాడ పట్టింది. ఇంకో తీరుయి పాలంపేట దిక్కు చెట్ల నీడకు దొరికినై. చూస్తే అక్కజెల్లెండ్లే. మొగదానికి తోక కాడ నలుపుంటే ఒకటి, లేకుంటే ఇంకోటి. ఆడయి అయితే మేడమే పరేషానయ్యేది.

"ఎన్నో వేల ఏండ్ల కింద ఇవి ఒక్క ఇంటియే కట్టక్కా. ఒకటి మనుషులకు మరిగింది, ఒకటి చెట్లనే పట్టుకున్నది. ఎంత దూరమైనయో చూడాలె."

"ఎట్ల చూస్తవ్?"

"పెండ్లి చేసి చూస్త."

కట్టమ్మకు నవ్వాగలే.

ఇంటికాడ మాత్రం నవ్వు లేకుండె. పెండ్లయి ఏండ్లు గడిచినా కడుపు పండలే. కొంగు పట్టి మొక్కని దేవుడు లేడు, తాగని పసరు లేదు. దవాఖానకు పోతే డాక్టరమ్మ చూసి, నీకేం తక్కువ లేదన్నది. అయినా అత్త చిలుకమ్మ కొడుక్కు ఇంకో పిల్లను చూసింది. దసర పోంగనే పెద్దమనుషులు కూసుంటరు. వాళ్ల ముంగట కట్టమ్మ "సరే" అనాలె, అంతే. మొగడు కొమురెల్లి ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసేటోడు. మంచోడే, నోట్లె నాలిక లేదు.

ఓ దినం పొయ్యి మీద గట్క కలుపుతాంటే, రాజేశ్వరి తనతోని సదివే పిల్లగానితోని అంటాంది: "రెండు తీర్లయి కలిపితే పుట్టినయి గొడ్డుయే."

కట్టమ్మ చెయ్యి ఆగింది. గట్క అడుగంటి మాడు వాసన వచ్చింది.

"ఏమైంది కట్టక్కా?"

"గొడ్డు ఎవలు మేడం? ఆడయేనా?"

"కాదు. ఆడయి మంచిగనే గుడ్లు పెడుతానై, పురుగులైతానై. మొగయే. ఎగురుతై, ఆడదాని ఎంట తిరుగుతై, పైకి ఏం తేడా లేదు. లోపల బీజం లేదు."

కట్టమ్మ గిన్నె దించింది. "మొగదాన్ని గూడ గొడ్డు అంటరా? మా వాడల మొగోనికి ఆ మాట లేదు."

రాజేశ్వరికి అప్పుడు సమజైంది. పక్కన కూసున్నది. "ఈగల ముచ్చట మనిషికి అంటగట్టకు. అవి రెండు జాతులు కలిసినై, మనుషులమంత ఒక్కటే జాతి. లోపం మీ ఆయనల ఉండొచ్చు, ఇద్దరిల ఎవ్వలకూ లేకపోవచ్చు."

"అంటగడుత లేను. మొగోనికి గూడ దవాఖానల చూస్తరా అని అడుగుతాన."

"చూస్తరు."

దసర పోయింది. వాకిట్ల గోనె పట్టాలు పరిసి పెద్దమనుషులు కూసున్నరు. "ఏమంటవ్ బిడ్డా?" అని పెద్దాయన యాకయ్య అడిగిండు.

"సరే అంట బాపూ. గని నన్ను దవాఖానల చూసిండ్రు, ఆయనను చూడలే. చూసి ఏం లేదంటే, నేనే ఆ పిల్లకు బొట్టువెట్టి తోలుకొస్త."

"మొగోణ్ణి చూసుడేందే?" చిలుకమ్మ లేసింది. "ఈగల కాడ చేసి చేసి దీనికి ఈగ బుద్ధే వచ్చింది." ఎవలో కిసుక్కుమన్నరు.

"రేపు ఆ పిల్లకు గూడ కడుపు పండకుంటే, ఆమెను గూడ గొడ్డే అంటవు గదత్తా."

యాకయ్య మీసం దువ్వుకున్నడు. కొమురెల్లి నేల చూసుకుంట, "నేను పోత దవాఖానకు" అన్నడు.

పోయిండ్రు ఇద్దరు. చిట్టీ మీద ఏం రాసిండ్రో ఇద్దరికీ సదువరాదు, డాక్టరే నోటితోని చెప్పిండు. వచ్చేటప్పుడు బస్సుల కొమురెల్లి కిటికీల నుంచి చూసుడే.

ఇంట్ల చిలుకమ్మ ఇన్నది, గోడకు ఒరిగింది. "పెద్దమనుషులకు ఏం చెప్పుదాం?" అన్నది, కొడుకు దిక్కు చూడకుంట.

"రెండో పెండ్లి వద్దనుకున్నమని చెప్పు. ఎందుకని అడిగితే నా మీదనే పెట్టు, నాకు అలవాటే" అన్నది కట్టమ్మ.

కొమురెల్లి దండెం మీది తువ్వాల తీసి భుజానేసుకున్నడు. "నా లోపం నేనే చెప్త" అన్నడు. యాకయ్య ఇంటి దిక్కు నడిచిండు, మెల్లగ, ఎప్పుడూ బస్తా మోసినట్టే వంగి.