గ్రీకు దీవిలో వడ్డించిన పళ్ళెం

మొన్న పక్క ఫ్లాట్ అబ్బాయి, కొత్తగా పెళ్ళయినవాడు, సామాను తూచే చేతి కాటా ఉందా అంకుల్ అంటూ తలుపు తట్టాడు. భార్యాభర్తలిద్దరూ నాలుగు రోజులు గ్రీసు దీవికి వెళ్తున్నారట. వీధి చివరి దుకాణానికి వెళ్ళొస్తామన్నంత తేలిగ్గా చెప్పాడు. కాటా ఇచ్చి పంపాను గానీ, ఆ పూటంతా నా మనసు ఇక్కడ ఖతార్‌లో, అల్ వుకైర్‌లోని మా ఇంట్లో లేదు.

మేమూ వెళ్ళాం ఒకసారి. అప్పట్లో ఇక్కడే అల్ మన్సూరా అనే పేటలో ఉండేవాళ్ళం. నేను ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీ స్టోర్ చూసేవాణ్ణి, మా ఆవిడ చుట్టుపక్కల బ్యాచిలర్లకు క్యారియర్లు కట్టేది. అందరూ మన జిల్లాలవాళ్ళే, క్యారియర్‌లో పప్పూ పచ్చిపులుసూ కనిపిస్తే ఇంటికి వెళ్ళొచ్చినంత సంబరపడేవాళ్ళు. వాళ్ళ సంబరం బాగానే ఉండేది గానీ, తెల్లవారకముందే లేచి పొయ్యి ముందు నిలబడే మనిషి మాత్రం ఏళ్ళ తరబడి అరిగిపోతూ వచ్చింది. ఇక లీవంటారా, గల్ఫ్‌లో బతికిన మన తరానికి వేరే చెప్పాలా, లీవంటే ఇంటికే. అక్కడ దిగిన దగ్గరి నుంచి వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, పెళ్ళిళ్ళు, మళ్ళీ అదే వంట, కాకపోతే పెద్ద గిన్నెల్లో.

మా ఆవిడ వాళ్ళమ్మ పోయిన మరుసటి ఏడు, ఒక శుక్రవారం, అంట్లు తోముతున్నదల్లా చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నాతోని అయితలేదు. నేను ఇంటికి పోత, ఇగ రాను. నువ్వు క్యాంప్‌ల ఉండు."

కోపంతో అని ఉంటే భయపడేవాణ్ణి కాదు, అలసటతో అంది. పెళ్ళికి ముందు కంపెనీవాళ్ళ క్యాంపు గదిలో పదిమందితో ఉన్నవాణ్ణే అయినా, ఆమె లేకుండా ఈ ఎడారిలో ఎట్లా అనిపించింది. ఒక్క లీవు ఎక్కడికైనా వెళ్ళి ఊరికే పడుకొని వద్దాం, ఆ తర్వాత నీ ఇష్టం అని బతిమాలుకున్నాను. మా కంపెనీలోని గ్రీకు ఇంజనీరు తమ వైపు దీవి ఒకటి చెప్పాడు. వీసా కోసం తిరిగిన తిరుగుడు చెప్పుకుంటే తెల్లవారుతుంది. ఊళ్ళో మా అక్కయితే ఫోన్లోనే నిలదీసింది: "దుబాయ్‌ల ఉన్నోళ్ళు లీవుకు ఇంటికి రాక ఎటు పోతరురా?" దుబాయ్ కాదక్కా, ఖతార్ అని చెప్పే ఓపిక కూడా నాకప్పుడు లేదు.

తమాషా ఏమిటంటే, సూట్‌కేసులు సర్దేటప్పుడు అలవాటు చొప్పున కాటా పట్టుకొని, విమానంవాళ్ళు ఒప్పుకునే బరువు నిండేదాకా కుక్కాం. బియ్యం, పప్పు, మామిడికాయ తొక్కు, చిన్న రైస్‌కుక్కర్, అది చాలక ఎప్పుడూ ఊళ్ళో పంచడానికి పట్టుకెళ్ళే సబ్బులూ పాలపొడి డబ్బాలూ. ఆ దీవిలో ఇవన్నీ ఎవరికిస్తామని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

సముద్రాన్ని ఆనుకొని కొన్ని తెల్లటి గదులు, అదే రిసార్టు. జనం వచ్చే కాలం దాటిపోయి ఎక్కడా మనిషి అలికిడి లేదు. ఆ నిశ్శబ్దం మా ఇద్దరికీ పడలేదు. ఏసీ చప్పుడు లేక నాకు నిద్ర పట్టలేదు, పని లేక ఆమెకు చేతులు ఊరుకోలేదు. గది ఊడ్చింది, దుప్పట్లు ఉతికి ఆరేసింది, కుక్కర్ తీసి అన్నం కూడా పెట్టేసింది. ఇంత దూరం వచ్చి ఇదేనా అని నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ గదుల యజమాని తల్లి కూడా అక్కడే ఉండేది, నల్ల బట్టలు కట్టుకునే ముసలావిడ. ఇదంతా గమనిస్తూనే ఉందేమో, ఒక మధ్యాహ్నం వచ్చి మా ఆవిడ చేతిలోని గరిటె లాక్కొని పక్కన పెట్టి, చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళి ఒడ్డున చెట్టు కింది బల్ల దగ్గర కూర్చోబెట్టింది. టమాటాల్లో బియ్యం కూరి వండిన వంటకం పళ్ళెంలో తెచ్చి పెట్టింది, చూస్తే మన గుత్తివంకాయకు చెల్లెలిలా ఉంది. తను కూర్చోలేదు. పక్కనే నిలబడి, పళ్ళెం ఖాళీ అవుతుంటే వద్దన్నా వినకుండా మళ్ళీ వేసింది. ఆ భాష మాకు ముక్క రాదు గానీ, కసురుతున్న తీరు చూస్తే తినమంటోందని తెలిసింది. మా ఆవిడ తింటూ తింటూ ఏడ్చేసింది.

"మా అమ్మ పోయినంక నాకెవరన్న వడ్డించిండ్రా?"

 ఆ పూట ఆమె చెట్టు కిందే తువాలు పరుచుకొని పడుకుంది, పొద్దు వాలేదాకా కదల్లేదు. నేను పక్కన కూర్చొని ఈగలు తోలాను. తెచ్చిన సబ్బులూ పాలపొడీ ఆ ముసలావిడకే ఇచ్చేశాం. తిరిగి ఓడ ఎక్కేటప్పుడు, "క్యారియర్లు బంద్ జేస్త. నువ్వు వడ్డిస్తనంటే ఉంట" అంది. అన్నట్టే ఉండిపోయింది.

ఇప్పుడు ఏ కూర కావాలన్నా ఫోన్లో నొక్కితే బైకు మీద గుమ్మంలోకి వచ్చేస్తోంది, తినడానికి కొదవ లేదు. ఇచ్చిన మాట కూడా చాలా ఏళ్ళే నిలబెట్టుకున్నాను. ఆమె తినేదాకా నేను పక్కన నిలబడి వడ్డించేవాణ్ణి, ఆ తర్వాత నేను కూర్చుంటే ఆమె లేచి నిలబడేది. మన చిన్నప్పుడు ఎంతమంది పంక్తిలో కూర్చున్నా వడ్డించడానికి ఇంకో మనిషి మిగిలి ఉండేది. ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరమే, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులే. ఈ మధ్య గిన్నెలు బల్ల మధ్యలో పెట్టుకొని, ఎవరికి వాళ్ళమే వడ్డించుకుంటున్నాం.