పాప తలలో సబ్‌మెరైన్ వాసన

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఫిజిక్సులో డిగ్రీ చేసినదాన్ని. తలుపు దానంతటదే కొట్టుకుంటే గాలి ఎటు వీస్తోందో చూస్తాను. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

మా ఆయన నేవీలో పనిచేస్తారు. మనవాళ్లు వేరే దేశం నుంచి అద్దెకు తెచ్చుకున్న, శత్రువుల ఓడలను వేటాడే రకం అణు సబ్‌మెరైన్‌లో చాలా ఏళ్లు ఉన్నారు. అది నీళ్లలోకి దిగితే వారాల తరబడి ఫోను ఉండదు. ఎక్కడున్నారో అడగకూడదు. సెలవుకు వచ్చినా బట్టల నిండా దాని వాసనే. మెషిన్ నూనె, మూసిన గది గాలి, ఏదో మందు కలిసిన ఘాటు. సోడాలో నానబెట్టి ఉతికినా పోయేది కాదు.

నేనుండేది అత్తగారింట్లోనే. మా అత్తది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. “సవతి వాసన ఉతికితే పోతాదా మే? పడవ మీద పోయేవోడికి మొదటి పెండ్లాం పడవే. నేను మీ మామతో పడలా?” అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. లోపల మండేది.

అద్దె గడువు తీరి ఆ సబ్‌మెరైన్ తిరిగి వాళ్ల దేశానికి వెళ్లిపోయిన రోజు ఆయన ఫోన్లో ఏడ్చారు. పెళ్లయిన కొత్తలో నన్ను వదిలి వెళ్తూ కూడా ఏడవని మనిషి. ఆ సాయంత్రమే ఆయన పాత పనిబట్టలు పెరట్లో వేసి కాల్చేశాను.

పాప ఆ తర్వాత రెండేళ్లకు పుట్టింది.

ఒక మధ్యాహ్నం పాలిస్తుంటే పాప మాడు దగ్గర అదే వాసన వచ్చింది. గ్యాస్ అనుకుని సిలిండర్ కట్టేశాను. పెరట్లో మరిది పడవ ఇంజను ఉంటే వెళ్లి వాసన చూశాను. అది ఉత్త డీజిల్. ఆయన వైజాగ్ వెళ్లి అప్పటికి నెలన్నర. పాపకు సెనగపిండితో తలంటాను. జుట్టు ఆరగానే మళ్లీ వచ్చింది. ఏమీ చెప్పకుండా అత్త చేతికిచ్చాను.

ఆమె నవ్వలేదు. “ఈ పిల్లకెట్లొచ్చింది మే?” అంది.

నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. ఆ సవతి నా మనిషిని అన్నేళ్లు ఉంచుకుంది చాలదా, పిల్ల కూడా కావాలా?

సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. “ఇప్పుడే తెలిసింది. మా సబ్‌మెరైన్‌ని అక్కడ ఇంక నడపరంట. ముక్కలుగా విప్పేస్తారంట,” అన్నారు.

వాసన సంగతి నేను చెప్పలేదు. చెబితే ఆ రాత్రి బండికే బయల్దేరేవారు. పాప కోసం కాదు.

ఆ వాసన మూడు రోజులు ఉంది. నాలుగో రోజు పాప తల మామూలుగా పాలవాసన వేసింది.

నెలాఖరుకు ఆయన సెలవుకు వచ్చారు. కాళ్లు కడుక్కుని పాపను ఎత్తుకుని, మాడు మీద ముక్కు ఆనించి కళ్లు మూసుకున్నారు. అలాగే ఉండిపోయారు. “ఇటివ్వండి” అని రెండుసార్లు అడిగాను. ఆయనకు వినపడలేదు.

పాప తలలోకి అది ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజు ఆయనకు ఏ వాసన వచ్చిందో అడిగే ధైర్యం మాత్రం నాకు లేదు.